శ్రుతి దిగని రెండు నిమిషాలు

తాడేపల్లిగూడెం,
12-9-2003

మొహిద్దీన్ మామయ్యగారికీ కమరున్నీసా అత్తయ్యగారికీ హరిణి నమస్కారాలు.

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్‌లో మీరు "ఆఁ, ఆఁ, సరేనమ్మా" అని పెట్టేస్తారు. ఉత్తరమైతే చదివి దాచుకుంటారు. అందుకని రాస్తున్నాను. నాకు పెళ్ళి కుదిరిందండీ. అబ్బాయి పేరు భరద్వాజ్. కాకినాడలో ఇరిగేషన్ ఆఫీసులో ఇంజనీరు. మాట నెమ్మది, నవ్వు ఎక్కువ. అమ్మకి బాగా నచ్చాడు. నాకు అమ్మకంటే ముందే నచ్చాడు, ఆ మాట అమ్మకి చెప్పకండి.

ముహూర్తం మాఘమాసంలో, అంటే ఫిబ్రవరి రెండోవారంలో ఉంటుందన్నారు. పెళ్ళి ఇక్కడే గూడెంలో. నాన్న పోయి మూడేళ్ళయింది కదా, పెళ్ళి ఎవరు చేయిస్తారు, పీటల మీద ఎవరు కూర్చుంటారు అని అమ్మ రోజుకో పేరు అనుకుంటోంది. సన్నాయికి మాత్రం మా ఇంట్లో ఎవరూ ఏ పేరూ అనుకోనక్కర్లేదు. నేను అయిదో క్లాసులో ఉండగా మీ సన్నాయి పీక నోట్లో పెట్టుకుని బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాను, గుర్తుందా? మీరు తిట్టలేదు. "నీ పెళ్ళికి నేనే ఊదుతాలే, నీకెందుకమ్మా ఆ శ్రమ" అన్నారు. నాన్న పక్కనే కూర్చుని, "మాటిచ్చావు మొహిద్దీన్, ఆ రోజు ఇంకెక్కడా ఒప్పుకోకు" అన్నారు.

కాబట్టి మాఘంలో ఇంకెక్కడా ఒప్పుకోకండి. నా క్లినిక్ పర్వాలేదు. పళ్ళ డాక్టరు ఆడపిల్లైతే నొప్పెట్టదని ఈ ఊళ్ళో ఎవరు పుట్టించారో గానీ, బాగానే వస్తున్నారు.

మీ
హరిణి


ఏలూరు,
20-9-2003

చిరంజీవి హరిణమ్మకి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం మీ అత్తయ్య చేత రెండుసార్లు చదివించుకున్నాను. నాకు చదవడం రాక కాదు, ఆవిడ చదువుతుంటే వినడం బాగుంది. అబ్బాయి నెమ్మదస్తుడన్నావు, అదే కావాలి. మీ నాన్నగారు ఉంటే ఈపాటికి పంచాంగం చిరిగిపోయేది.

సన్నాయి సంగతి. నా తమ్ముడు ఆరిఫ్ ఇప్పుడు చాలా బాగా వాయిస్తున్నాడమ్మా. మొన్న కామవరపుకోట పెళ్ళిలో వాడి వాయిద్యం విని పెళ్ళివారు శాలువా కప్పారు. నీ పెళ్ళికి కూడా వాణ్ణే ముందు కూర్చోబెడతాను. డోలు అహరోనుదే. నేను పక్కన శ్రుతిపెట్టె వేసుకుని కూర్చుంటాను. వయసైపోయింది, ఊపిరి మునుపటంత లేదు. మేళానికి లోటు రానివ్వను. అది నా పూచీ.

అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు
మొహిద్దీన్


తాడేపల్లిగూడెం,
25-9-2003

మామయ్యగారికి,

మీకు యాభై ఆరు. వయసైపోయిందని ఎవరితోనైనా అనండి, నాతో కాదు. పెదవేగిలో జరిగిన పెళ్ళికి అమ్మ స్నేహితురాలు రామలక్ష్మిగారు వెళ్ళారట. మీరు సన్నాయి ముట్టుకోకుండా తాళం వేస్తూ కూర్చున్నారని చెప్పారు. జూన్ నుంచీ ఇదే వరస అని కూడా చెప్పారు.

నాన్న లేని ఇంటికి వచ్చి వాయించడం మీకు మనసు రావట్లేదేమోనని అమ్మ అంటోంది. నాకు అలా అనిపించట్లేదు. మీరేదో దాస్తున్నారు. ఏమైందో చెప్పండి. చెప్పకపోతే వచ్చే ఆదివారం మీ గుమ్మంలో ఉంటాను.

హరిణి


ఏలూరు,
1-10-2003

హరిణమ్మకి,

నువ్వు మీ నాన్నగారి కూతురివి. ఆయన దగ్గరా నేను ఏదీ దాచలేకపోయేవాణ్ణి.

పై వరస ముందు పళ్ళు నాలుగు కదులుతున్నాయమ్మా. పీక పెదాల మధ్య పెట్టి బిగిస్తే పళ్ళు లోపలికి జరుగుతున్నాయి. చిగుళ్ళ నుంచి రక్తం. జూన్‌లో ఒక పెళ్ళిలో గట్టిమేళం సగంలో ఉండగా పీక ఎర్రబడింది. ఎవరూ చూడలేదు, ఆరిఫ్ అందుకున్నాడు. ఆ తరవాత నేను సన్నాయి నోట పెట్టలేదు. ఇక్కడ ఒక డాక్టరు గారికి చూపించుకుంటే నాలుగూ తీసేసి సెట్టు పెట్టేద్దామన్నారు. పెట్టుడు పళ్ళతో సన్నాయి వాయించినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. నువ్వు పళ్ళ డాక్టరువి కాబట్టే నీకు చెప్పడానికి సిగ్గేసింది. బంగారం కొట్టు ముందు ఇత్తడి గాజులు అమ్ముకున్నట్టు.

తప్పు నాదే. జర్దా కిళ్ళీ. పదిహేడేళ్ళప్పుడు మొదలు. పెళ్ళిళ్ళలో భజంత్రీలకి భోజనం ఎప్పుడో నీకు తెలుసు కదా, అందరూ లేచాక. తెల్లవారుజామున కూర్చున్నవాళ్ళం మధ్యాహ్నం మూడింటికి తింటాం. అప్పటిదాకా బుగ్గలో కిళ్ళీ ఉంటే ఆకలి తెలియదు. మా వృత్తిలో అందరికీ ఉన్నదే ఈ అలవాటు. మీ నాన్నగారు చేయించిన పెళ్ళిళ్ళలో మాత్రం మాది మొదటి బంతి. "భజంత్రీలు లేవనిదే పెళ్ళికొడుకు విస్తరి వేయొద్దు" అని ఆయనే వంటశాల దగ్గర నిలబడేవారు. అప్పుడు కూడా తిన్నాక కిళ్ళీ వేసుకునేవాణ్ణి, అది వేరే సంగతి.

ఇంకొక మాట. ఎవరికీ చెప్పొద్దని ఆయన అన్నారు, పదిహేనేళ్ళు చెప్పలేదు. నీకు చెప్పొచ్చు. కొల్లేటికోటలో సూర్యకాంతం అనే అమ్మాయి పెళ్ళి. మా పడవ గుర్రపుడెక్కలో ఇరుక్కుంది. దిగి నడుంలోతు నీళ్ళలో నెట్టుకుంటూ వచ్చాం. పందిట్లోకి పరిగెత్తేసరికి ఒళ్ళంతా తడి, ఊపిరి అందట్లేదు. ముహూర్తం వచ్చేసింది. జీలకర్ర బెల్లం చేతుల్లో ఉన్నాయి. మీ నాన్నగారు నా వంక చూశారు, గడియారం వంక చూశారు, "ఇంకా రెండు నిమిషాలుంది" అన్నారు. లేదు. నాకు తెలుసు, ఆయనకి తెలుసు. ఆయన చదివిందే మళ్ళీ నెమ్మదిగా చదివారు. నా గుండె కుదుటపడ్డాక చెయ్యెత్తారు. నేను ఊదాను.

తరవాత అడిగాను, పంతులుగారూ అంత పని చేశారేమిటని. "మేళం లేని ముహూర్తం ముహూర్తమేనా? ఎవరికీ చెప్పకు" అన్నారు. ఆ సూర్యకాంతం కొడుకు ఇప్పుడు టెన్త్ చదువుతున్నాడు. సంసారం చల్లగా ఉంది.

ఆయన కూతురి పెళ్ళికి ఊదలేకపోతున్నానని, నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ నాకు అన్నం సయించట్లేదు. మీ అత్తయ్య ఈ ఉత్తరం చదివి, ఆదివారం పాసింజర్‌కి నన్ను నీ దగ్గరికి తీసుకొస్తానంటోంది. వస్తాం.

మొహిద్దీన్


తాడేపల్లిగూడెం,
6-10-2003

మామయ్యగారికి,

నిన్న మీరు రైలు తప్పిపోతుందని పరిగెత్తారు, సగం మాటలు నా నోట్లోనే ఉండిపోయాయి. అందుకే వెంటనే రాస్తున్నాను.

పళ్ళ గార తీసేశాను. చిగుళ్ళ లోపల ఉన్నది ఇంకా రెండు మూడుసార్లు తీయాలి. నాలుగింటిలో మూడు నిలబడతాయని నా నమ్మకం. ఎడమవైపు దాని గురించి ఇప్పుడే చెప్పలేను. మీకు అబద్ధం చెప్పను. జర్దా మానాలి. అది మానకపోతే నేను చేసేదంతా చిల్లికుండలో నీళ్ళు పోయడమే.

సంచీలో పెట్టింది బ్యాటరీ బ్రష్. విజయవాడలో మా ప్రొఫెసర్ మేడమ్ ద్వారా తెప్పించాను. గుండ్రటి తల అటూ ఇటూ తిరుగుతుంది. భయపడకండి, రెండు పెన్సిల్ సెల్స్ తప్ప కరెంటు లేదు, షాక్ కొట్టదు. దాంతో పన్ను అరిగిపోదు. మామూలు బ్రష్‌తో ఎంత ప్రమాదమో దీంతోనూ అంతే, అంటే గట్టిగా రుద్దితేనే. ఇదేమీ మహిమ కాదు కూడా. చాలామంది మీద చేసిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, ఇలా తిరిగే బ్రష్‌లు మామూలు బ్రష్ కంటే కాస్త మెరుగ్గా పాచి తీస్తాయనీ, చిగుళ్ళ వాపు కాస్త ఎక్కువ తగ్గుతుందనీ తేలింది. ఆ కాస్తే మనకిప్పుడు కావాలి. మీరు మీ బ్రష్‌తో తోముకోవడం నిన్న చూశాను. అంట్లగిన్నె తోమినట్టు తోముతున్నారు.

పొద్దున్నా రాత్రీ గడియారం చూసుకుని రెండేసి నిమిషాలు. పన్నూ చిగురూ కలిసేచోట ఆనించి ఊరికే ఉంచాలి, రుద్దేపని అది చేసుకుంటుంది. మొదట్లో రక్తం వస్తుంది. అది బ్రష్ వల్ల కాదు, చిగుళ్ళ వాపు వల్ల. రెండు వారాల్లో తగ్గాలి, తగ్గకపోతే రాయండి. మూడు నెలలకి బ్రష్ తల మార్చాలి. అత్తయ్యగారికి కావాలంటే వేరే తల ఇస్తాను, ఒకటే ఇద్దరూ వాడకండి.

అన్నట్టు, పెళ్ళి వైశాఖానికి వాయిదా పడింది. మాఘంలో భరద్వాజ్‌కి వాళ్ళ ఆఫీసరు సెలవు ఇవ్వనన్నారట. మే మొదటివారంలో ముహూర్తం. మనకీ కాస్త టైము దొరికినట్టే కదా.

హరిణి


ఏలూరు,
22-10-2003

హరిణమ్మకి,

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. నువ్వు పంపింది బ్యాటరీతో నడిచే రాయిలా ఉంది. కోపం తెచ్చుకోకు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మొదటిరోజు దాన్ని పెదాల మధ్య పెట్టి బిగించాను. నలభై ఏళ్ళ అలవాటమ్మా, నోటి ముందుకు ఏదొచ్చినా పీక అనుకుంటుంది నా నోరు. బుగ్గలు కూడా పూరించానని మీ అత్తయ్య చెప్పి నవ్వుతోంది. అది నా నాలిక మీదా, అంగిట్లోనూ, మీసాల మీదా తోమింది గానీ పళ్ళ మీద తోమలేదు. రెండోరోజు నుంచి నువ్వు చెప్పినట్టు పళ్ళకి ఆనించాను. పదహారు రోజులైంది, రక్తం తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది.

ఇంకో లోపం ఉంది దానికి. శ్రుతి నిలవదు. గాలిలో ఉన్నంతసేపూ బాగా పాడుతుంది. ఇంచుమించు నా సన్నాయి శ్రుతే, వెంట్రుకవాసి పైన. పంటికి ఆనించగానే గొంతు పడిపోతుంది. రాగం అందుకున్నాక ఊపిరి చాలనివాడిలా మూలుగుతుంది. సెల్స్ దొంగసరుకనుకుని కొట్టు మార్చాను. మూడు జతలు మార్చాను. ఆ కొట్టతను ఇప్పుడు నన్ను చూసి లోపలికి వెళ్ళిపోతున్నాడు. కొత్త సెల్స్‌తో కూడా అదే తంతు. ఇలా శ్రుతి పోయేదాన్ని నోట్లో పెట్టుకోవడం నా వల్ల కాక నాలుగు రోజులుగా పక్కన పెట్టేశాను.

సోమవారం నుంచి రంజాన్ ఉపవాసాలు. పగలు పేస్టు నోట్లో పెట్టను. ఆ మసీదు దగ్గర దొరికే పుల్ల వాడుకోవచ్చా?

జర్దా మానాను. చేతులు వణుకుతున్నాయి, అందరి మీదా అరుస్తున్నాను. ఆరిఫ్ రెండురోజులుగా మాట్లాడట్లేదు.

మొహిద్దీన్


తాడేపల్లిగూడెం,
25-10-2003

మామయ్యగారికి,

మీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తరవాత అదే ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివాను. మీకు తెలియకుండానే మీరు నాకో పాఠం చెప్పారు.

మామయ్యగారూ, సెల్స్‌లో లోపం లేదు, బ్రష్‌లో లోపం లేదు. మీరు నొక్కుతున్నారు. గట్టిగా నొక్కితే లోపల మోటారు తిరగలేక నెమ్మదిస్తుంది, అందుకే గొంతు పడిపోతోంది. చిగుళ్ళ నుంచి రక్తం కారుతున్నదీ ఆ నొక్కుడుకే. గట్టిగా నొక్కొద్దని మేము పేషెంట్లకి రోజూ చెబుతాం. ఎంత గట్టి అయితే గట్టి? అది మేము చెప్పలేం, వాళ్ళకి అర్థం కాదు. మీకు చెవి ఉంది. మీకు నేను చెప్పక్కర్లేదు.

రేపు తోముకునేటప్పుడు ముందు గాలిలో పట్టుకుని శ్రుతి వినండి. తరవాత ఆ శ్రుతి దిగకుండా పంటికి ఆనించండి. దిగిందంటే నొక్కినట్టు. రెండు నిమిషాలూ శ్రుతి నిలబెట్టండి. ఇంకేమీ వద్దు. రోజులు గడిచి సెల్స్ అయిపోతే గాలిలోనే గొంతు తగ్గుతుంది, ఆ తేడా మీకు తెలుస్తుంది.

ఉపవాసాల్లో పగలు ఆ పుల్ల నిక్షేపంగా వాడుకోండి, కొన మెత్తగా నమిలి, నెమ్మదిగా. తెల్లవారుజామున తిన్నాక ఒకసారి, రాత్రి భోజనమయ్యాక ఒకసారి బ్రష్. ఆరిఫ్ మామయ్యకి నేను ఫోన్ చేసి చెప్పాను, అరిచేది మీరు కాదు జర్దా అని.

హరిణి


ఏలూరు,
2-12-2003

చిరంజీవి హరిణమ్మకి,

ఏమని రాయను. పండగనాడు పళ్ళు తోముకుని ఉమ్మితే నీళ్ళు తెల్లగా ఉన్నాయి. మీ అత్తయ్యని పిలిచి చూపించాను. ఉమ్మి చూడటానికి పెళ్ళాన్ని పిలిచే మగాడు ఏలూరు మొత్తానికి నేనొక్కణ్ణేనంది. కానీ చూసింది. చూసి కళ్ళు తుడుచుకుంది.

ఇన్నేళ్ళూ నేను నేర్చుకున్నదంతా బిగింపేనమ్మా. ఊపిరి బిగించు, పెదవి బిగించు, వేలు బిగించు. వదులుగా పట్టుకుని శ్రుతి నిలబెట్టడం ఈ బొమ్మ నేర్పింది. ఆ రెండు నిమిషాలూ గడియారం ముందు నిలబడితే ఒక సంగతి తెలిసింది. రెండు నిమిషాలంటే ఎంత పొడుగో. ముహూర్తం దాటుతుంటే, అంతమంది పెద్దల మధ్య, చదివిందే చదువుతూ మీ నాన్నగారు అంతసేపు ఎలా నిలబడ్డారో. రోజుకి రెండుసార్లు ఆయన్ని తలుచుకుంటున్నాను.

భరద్వాజ్ గారి ఆఫీసరు పేరేమిటి? ఆయన సెలవు ఇవ్వనన్నాడు కాబట్టే నాకు గడువు దొరికింది. ఆ మహానుభావుడి కోసం నమాజులో దువా చేసుకుంటున్నాను. పేరు తెలిస్తే ఇంకా బాగుంటుంది.

మొహిద్దీన్


తాడేపల్లిగూడెం,
19-1-2004

మామయ్యగారికి,

పన్ను తీసిన చోట నొప్పి తగ్గిందా? ఉప్పునీళ్ళతో పుక్కిలిస్తున్నారా?

ఎడమవైపు దాన్ని నిలబెట్టలేకపోయినందుకు నాకు బాధగా ఉంది. మీరు కుర్చీలో కూర్చుని నా చెయ్యి తట్టి "తీసెయ్ తల్లీ, నువ్వు తీస్తే పర్వాలేదు" అన్నారు. మీరు వెళ్ళాక ఆ రోజు ఇంకో పేషెంటుని చూడలేకపోయాను. మిగతా మూడూ అక్టోబరులో ఉన్నంత కదలట్లేదు. అది మీరు చేసిందే. బ్రష్ వంతు కాస్త, మీ చెవి వంతు బోలెడు. ఖాళీలో పన్ను ఇప్పుడే పెట్టను. గాయం మానాక మీరే చెప్పండి, కావాలో వద్దో.

ఆఫీసరు పేరు ఎందుకు లెండి. ఆయన అలాంటివి పట్టించుకోరు.

హరిణి


ఏలూరు,
2-2-2004

హరిణమ్మకి,

నిన్న సన్నాయి తీశాను. ఎనిమిది నెలలైంది. పీక నిలబడట్లేదు. ఖాళీలోంచి గాలి పక్కకి పోతోంది. స వస్తే ప రావట్లేదు. ఆరిఫ్ అవతల గదిలోకి వెళ్ళిపోయాడు, నేను వినకుండా ఏడవడానికి కాబోలు.

మాఘంలోనే ముహూర్తం ఉండి ఉంటే వచ్చే వారమే నీ పెళ్ళి. పెళ్ళిపందిట్లో పిల్లికూతలు వినిపించేవాణ్ణి. ఆ ఆఫీసరు చల్లగా ఉండాలి.

నువ్వు నిరాశపడకు. నేనే పడుతున్నాను, చాలు.

మొహిద్దీన్


కొల్లేటికోట,
14-3-2004

చిరంజీవి హరిణమ్మకి,

పెద్దింట్లమ్మవారి జాతరకి వచ్చాం. మేళం దిగిన ఇంట్లోంచే రాస్తున్నాను. ఏలూరు వెళ్ళేదాకా ఆగలేక.

నెల రోజులు సరళీ స్వరాల నుంచి మొదలుపెట్టానమ్మా, చిన్నపిల్లాడిలా. నలభై ఏళ్ళుగా పెదాల మధ్యలో ఉన్న పీకని వేలెడు కుడికి జరిపాను, గట్టిగా ఉన్న పళ్ళ వైపుకి. మొదట్లో మెడ పట్టేసింది. బిగించడం మానేశాను. ఆ బ్రష్‌ని పట్టుకున్నట్టే, ఆనించి వదిలేశాను. గాలి దారి తెలుసుకుంది.

ఇవాళ పొద్దున్న గుడి ముందు పావుగంట వాయించాను. తరవాత ఆరిఫ్ అందుకున్నాడు. పావుగంటే, కానీ పీక తెల్లగా ఉంది. డోలు దించి అహరోను నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ సూర్యకాంతం కూడా వచ్చింది, కొడుకుతో. "మా పెళ్ళిలో వాయించింది మీరే కదండీ, అదే వాయిద్యంలా ఉంది" అంది. అదే కాదని నాకు తెలుసు. కొంచెం మెత్తబడింది. మెత్తదనం బాగుందని ఆరిఫ్ అంటున్నాడు, వాడు నాకు అబద్ధం చెప్పేవాడు కాదు.

మీ నాన్నగారు నిలబడ్డ చోటు ఇక్కడికి రెండు వీధుల అవతల. వెళ్ళి చూసి వచ్చాను. ఇప్పుడక్కడ డాబా కట్టారు.

పన్ను పెట్టొద్దు. ఇలాగే నేర్చుకున్నాను. మే నెలలో ఇంకెక్కడా ఒప్పుకోలేదు.

మొహిద్దీన్


కాకినాడ,
16-5-2004

మామయ్యగారికీ అత్తయ్యగారికీ నమస్కారాలు.

కాపురానికి వచ్చి వారమైంది. క్లినిక్ ఇక్కడికి మార్చేదాకా వారానికి మూడురోజులు గూడెం వెళ్ళొస్తాను. పెట్టెలు విప్పుతుంటే పెళ్ళి క్యాసెట్ కనిపించింది. జీలకర్ర బెల్లం దగ్గర ఆపి ఆపి నాలుగుసార్లు చూశాను.

ఆ నిమిషంలో నాకేం తెలియలేదు మామయ్యగారూ. తెర అడ్డం, చెయ్యి భరద్వాజ్ తల మీద, పంతులుగారి గొంతు. నాన్న గొంతు కాదు. ఏడుపొచ్చేస్తోంది. అప్పుడు మీ సన్నాయి ఎత్తుకుంది. చిన్నప్పటి నుంచీ నాన్న గొంతు ఆగగానే వినిపించేది ఆ సన్నాయే కదా. నాన్న ఇప్పుడే చదవడం ఆపి చెయ్యెత్తారనిపించింది. ఏడుపు ఆగిపోయింది. క్యాసెట్లో నేను నవ్వుతున్నాను. ఎందుకు నవ్వుతోందీ పిల్ల అని మా అత్తగారు అనుకుని ఉంటారు.

మాట నిలబెట్టుకున్నారు. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

బ్రష్ ఎలా ఉంది? మూడో తల కూడా అరిగిపోయి ఉంటుంది. కొత్తది పంపనా?

మీ
హరిణి


ఏలూరు,
24-5-2004

చిరంజీవి సౌభాగ్యవతి హరిణమ్మకి మామయ్య దీవెనలు.

బ్రష్ పోయిన వారం ఆగిపోయింది. ఎన్ని సెల్స్ వేసినా పలకలేదు. నీళ్ళు లోపలికి పోయి ఉంటాయని మా వీధి రేడియో మెకానిక్ అన్నాడు. కొత్తది వద్దమ్మా. నా చేతికి ఇప్పుడు బరువు తెలిసింది. మెత్తటి మామూలు బ్రష్‌తోనే తోముకుంటున్నాను, గొంతులో శ్రుతి తీసుకుంటూ. నీకు అనుమానముంటే వచ్చి చిగుళ్ళు చూడు. చేతులు పట్టులేనివాళ్ళు నీ దగ్గరికి వస్తారు కదా, అలాంటివాళ్ళకి ఇవ్వు కొత్తది. పాతదాన్ని సన్నాయి సంచీలోనే పెట్టుకున్నాను. నాకు పాఠం చెప్పిన వస్తువు, పారేయబుద్ధి కాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. పెళ్ళిలో భోజనాలప్పుడు మీ ఆయన స్వయంగా వచ్చి మమ్మల్ని మొదటి బంతిలో కూర్చోబెట్టారు. ఎవరు చెప్పారో నాకు తెలుసు. వడ్డన అవుతుంటే అడిగాను. "బాబూ, మాఘంలో మీకు సెలవు ఇవ్వని ఆఫీసరు గారు వచ్చారా? ఒక్కసారి చూపించండి. ఆయన చేతులు పట్టుకుని దణ్ణం పెట్టుకోవాలి. ఏడు నెలలుగా ఆయన కోసం దువా చేస్తున్నాను" అన్నాను.

ఆయన గరిటె దించారు. "ఏ ఆఫీసరు మామయ్యగారూ? మాఘంలో నాకు సెలవు శాంక్షనై కూడా ఉందండి. హరిణే ఒప్పుకోలేదు. మా మామయ్య చిగుళ్ళు మానాలి, మూడు నెలలు ఆగుదామంది" అన్నారు. ఆలస్యం అమృతం విషమని మీ అత్తగారు సణిగారటగా. మాఘంలో అంత మంచి ముహూర్తం వదులుకుంటారా అని మీ అమ్మగారు రెండురోజులు అన్నం మానేశారటగా. అందరికీ నువ్వు ఒకటే చెప్పావట. మేళం లేని ముహూర్తం ముహూర్తమేనా అని.

అందరి ముందూ ఏడ్చాను. అహరోను నీళ్ళు ఇచ్చాడు. ఈ ఉత్తరం రాయడానికి ఇన్ని రోజులు పట్టింది, రాద్దామని కూర్చున్నప్పుడల్లా అదే అవుతోంది.

నీ పెళ్ళికి ఊది మీ నాన్నగారి రుణం తీర్చుకుందామని ఆశపడ్డాను. నువ్వు తీరనివ్వలేదు. ఆయన నాకోసం రెండు నిమిషాలు ఆగి ఎవరికీ చెప్పొద్దన్నారు. నువ్వు మూడు నెలలు ఆగి నాకే చెప్పలేదు.

ఆ ఆఫీసరు పేరు ఇంక అడగను. ఏడు నెలలు పేరు తెలియకుండా చేసిన దువాలు దేవుడు సరైన చోటికే చేర్చి ఉంటాడు. ఇవాళ నుంచి పేరు పెట్టి చేస్తున్నాను.

పొద్దున్నా రాత్రీ ఆ రెండేసి నిమిషాలూ మిమ్మల్నిద్దర్నీ తలుచుకునే
మీ మామయ్య
మొహిద్దీన్